స్టెంటుకు పట్టే గార: క్యాలెండర్ చెప్పేదెంత, మూత్రం చెప్పేదెంత

మూత్రపిండంలో రాయి తీయించుకున్న ఇద్దరికి ఒకే రోజు ఒకే రకం స్టెంటు వేసి, ఆరు వారాల తర్వాత ఒకే రోజు తీశారనుకుందాం. రెండింటినీ స్టీలు ట్రేలో పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకటి వేసినప్పటిలాగే నున్నగా ఉండవచ్చు. కాస్త రంగు మారి ఉంటుంది, అంతే. రెండోదాని పైచుట్ట మీద లేత పసుపు రంగులో, ఇసుక అద్దినట్టు గరుకైన పొర కనిపించవచ్చు. వేలితో రాస్తే రవ్వలు రాలతాయి. పక్కనున్న రంధ్రాలు సగం పూడుకుపోయి ఉంటాయి. పళ్లకు గార పట్టినట్టే స్టెంటుకూ పడుతుంది. ఆ ఇద్దరిలో ఎవరి స్టెంటుకు పడుతుందో వేసిన రోజునే చెప్పగలమా అన్నది యూరాలజీలో ఇంకా పూర్తిగా తేలని ప్రశ్న. గార వెనకున్న రసాయనశాస్త్రం చాలావరకు తెలిసినదే. చిక్కంతా ఆస్పత్రుల్లో కొలుస్తున్నది ఒకటి, గారను పెంచుతున్నది మరొకటి కావడంలో ఉంది.

స్టెంటు అనగానే చాలామందికి గుండె గుర్తుకొస్తుంది. ఇక్కడ మాట్లాడుకుంటున్నది రక్తనాళంలో వేసే లోహపు జాలీ గురించి కాదు. మూత్రపిండం నుంచి మూత్రాశయానికి దిగే మూత్రనాళంలో, మూత్రం ఆగకుండా దిగేలా ఉంచే మెత్తని గొట్టం గురించి. పెద్దవాళ్లకు వేసేది సాధారణంగా 22 నుంచి 28 సెంటీమీటర్ల పొడవు, దాదాపు 2 మిల్లీమీటర్ల లావు ఉంటుంది. రెండు కొసలూ ఇంగ్లిషు జే అక్షరంలా వంపు తిరిగి ఉంటాయి కాబట్టి డబుల్ జే అన్నారు. మన ఆస్పత్రుల్లో అందరి నోటా అది డీజే స్టెంటు. పైచుట్ట మూత్రపిండంలో, కిందిచుట్ట మూత్రాశయంలో కుదురుకుని గొట్టాన్ని జారిపోకుండా పట్టి ఉంచుతాయి. 1967లో జిమ్‌స్కిండ్ అనే వైద్యుడి బృందం సిస్టోస్కోపు (మూత్రాశయం లోపలికి చూసే సన్నని గొట్టం) ద్వారా సిలికాన్ గొట్టాలను మూత్రనాళంలోకి పంపి చూపింది. వాటికి చుట్టలు లేవు, చోటు తప్పేవి. 1978లో ఫిన్నీ అనే వైద్యుడు డబుల్ జే రూపాన్ని వెలువరించాక ఆ ఇబ్బంది చాలావరకు తీరింది. గార ఇబ్బంది అలాగే మిగిలింది.

ఆ గార ఎందుకంత ప్రమాదమో తెలియాలంటే స్టెంటు తీసే క్షణాన్ని దగ్గర నుంచి చూడాలి. డాక్టరు సిస్టోస్కోపును మూత్రాశయంలోకి పంపి, సన్నని పట్టకారుతో కిందిచుట్టను పట్టుకుని మెల్లగా లాగుతారు. లాగుతున్నప్పుడు పైన మూత్రపిండంలో ఉన్న చుట్ట విచ్చుకుని తిన్నగా మారి, మూత్రనాళం గుండా జారి కిందికి రావాలి. శుభ్రమైన స్టెంటయితే ఇదంతా కొద్ది నిమిషాల పని. పైచుట్టకు గార గట్టిగా పట్టి ఉంటే చుట్ట విచ్చుకోదు. గొట్టం చుట్టూ రాయి కట్టినట్టే అవుతుంది. బలంగా లాగితే గొట్టం తెగవచ్చు, ఇంకా ఘోరంగా మూత్రనాళమే చీలిపోవచ్చు. దానికి తోడు చాలా స్టెంట్లకు వాడే పాలియూరిథేన్ అనే ప్లాస్టిక్ ఎక్కువ కాలం శరీరంలో ఉంటే తన సాగే గుణం కోల్పోయి పెళుసుబారుతుంది. అప్పుడు చిన్న పని కాస్తా లేజరు, వీపు వైపు నుంచి రంధ్రం చేసి చేసే శస్త్రచికిత్స, ఒకటికి రెండు మూడు ఆపరేషన్లుగా పెరుగుతుంది. లోపల మూత్రం ఆగిపోతే మూత్రపిండమే దెబ్బతినవచ్చు. ముందుగా అంచనా వేయాలన్న తపన అంతా దీని గురించే.

గార పట్టడం స్టెంటు వేసిన రోజునే మొదలవుతుంది. మూత్రం తగిలిన కొద్దిసేపట్లోనే గొట్టం మీద ప్రొటీన్ల పలుచని పొర పరుచుకుంటుంది. అందులో ముఖ్యమైనది 1950లో ట్యామ్, హార్స్‌ఫాల్ అనే శాస్త్రవేత్తలు మూత్రం నుంచి వేరుచేసిన ప్రొటీను, ఇప్పుడు యూరోమాడ్యులిన్ అంటున్నాం. గోడకు సున్నం వేసే ముందు పూసే ప్రైమర్ లాంటిది ఈ పొర. తర్వాత వచ్చేవన్నీ దీని మీదే అంటుకుంటాయి. అక్కడి నుంచి దారి రెండుగా చీలుతుంది.

మొదటి దారిలో సూక్ష్మజీవులతో పని లేదు. మూత్రంలో కాల్షియం, ఆక్సలేటు ఇమడగలిగినంత కంటే ఎక్కువగా ఉంటే, ఆ ఎక్కువైనది స్ఫటికంగా బయటపడుతుంది. మామూలుగా చిన్న స్ఫటికాలు మూత్రంతో కొట్టుకుపోతాయి. స్టెంటు ఉంటే వాటికి కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. మూత్రం మరీ ఆమ్లంగా, అంటే ఆమ్లత్వం పెరిగేకొద్దీ తగ్గే పీహెచ్ అనే అంకె 5.5 కంటే తక్కువగా ఉండేవారిలో యూరిక్ ఆమ్లపు స్ఫటికాలు కూడా చేరవచ్చు. ఈ దారిలో గార సాధారణంగా నెమ్మదిగా పెరుగుతుంది.

రెండో దారి సూక్ష్మజీవులది. ప్రోటియస్ మిరాబిలిస్ లాంటి బ్యాక్టీరియాకు యూరియేజ్ అనే ఎంజైము ఉంటుంది. అది మూత్రంలోని యూరియాను విరగ్గొట్టి అమోనియా పుట్టిస్తుంది. దాంతో పీహెచ్ పెరుగుతుంది. పెరిగిన పీహెచ్‌లో మెగ్నీషియం, అమోనియం, ఫాస్ఫేటు కలిసి స్ట్రువైటు అనే ఉప్పుగా, కాల్షియం, ఫాస్ఫేటు కలిసి అపటైటుగా గడ్డకడతాయి. ఈ యూరియేజ్‌కు శాస్త్ర చరిత్రలో పెద్ద స్థానమే ఉంది. 1926లో జేమ్స్ సమ్నర్ ఒక చిక్కుడు జాతి గింజల నుంచి దీన్నే స్ఫటిక రూపంలో తీసి, ఎంజైములు ప్రొటీన్లేనని చూపాడు. 1946లో ఆయనకు నోబెల్ బహుమతి అందింది. అదే ఎంజైము బ్యాక్టీరియా చేతిలో పడి స్టెంటు మీద కొద్ది రోజుల్లోనే గట్టి పొర కట్టించగలదు. బ్యాక్టీరియా తాము కట్టిన జిగురు పొరలో దాక్కుంటే, ఆ జిగురులోనే స్ఫటికాలు పేరుకుంటాయి. యాంటీబయాటిక్ అక్కడిదాకా సరిగా చేరదు.

ఇక అంకెల సంగతి. 1991లో రియాద్‌ నుంచి వెలువడిన అధ్యయనాన్ని ఈ రంగంలో ఇప్పటికీ ప్రస్తావిస్తారు. రాళ్ల రోగులకు వేసిన పాలియూరిథేన్ స్టెంట్లను తీశాక పరిశీలిస్తే, ఆరు వారాల లోపు తీసినవాటిలో 9.2 శాతానికి, ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య తీసినవాటిలో 47.5 శాతానికి, పన్నెండు వారాలు దాటినవాటిలో 76.3 శాతానికి గార కనిపించింది. 2012లో జపాన్ నుంచి వచ్చిన అధ్యయనంలో అవే మూడు కాలాలకు 26.8, 56.9, 75.9 శాతం వచ్చాయి. ఈ రెండు వరుసలను చూసి అందరూ చెప్పే మాట ఒకటే: కాలం పెరిగేకొద్దీ గార పెరుగుతుంది, కాబట్టి త్వరగా తీయండి. ఆ మాట నిజమే. కానీ వరుసలను పక్కపక్కన పెట్టి మరోసారి చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. పన్నెండు వారాల తర్వాత రెండు చోట్లా ఫలితం దాదాపు ఒకటే. తొలి ఆరు వారాల్లో మాత్రం దాదాపు మూడు రెట్ల తేడా ఉంది. అంటే చాలాకాలం ఉంచితే ఎవరి స్టెంటుకైనా గార పట్టే అవకాశం ఎక్కువే. మనిషికీ మనిషికీ, స్టెంటుకూ స్టెంటుకూ, దేన్ని గార అనాలన్న లెక్కకూ లెక్కకూ ఉన్న తేడాలు బయటపడేది తొలి వారాల్లోనే. ముందస్తు అంచనా అవసరమైన కాలం కూడా సరిగ్గా అదే.

క్యాలెండర్ చెప్పేది స్టెంటు ఎన్ని రోజులు మూత్రంలో నానిందన్నది మాత్రమే. ఎలాంటి మూత్రంలో నానిందో అది చెప్పదు. హైదరాబాదులో మంజీరా నీళ్లు వచ్చే ఇంట్లో గీజరు కాయిల్ చాలా ఏళ్లు బాగానే ఉంటుంది. పక్క వీధిలో బోరు నీళ్లు వాడే ఇంట్లో తొందరగా సున్నపు పెచ్చు కట్టి వేడి సరిగా ఎక్కదు. రెండిళ్లకూ మెకానిక్ ఒకే గడువు చెబితే ఎలా ఉంటుందో, రోగులందరికీ ‘ఆరు వారాల తర్వాత రండి’ అని ఒకే మాట చెప్పడం అలాగే ఉంటుంది.

మూత్రం గురించి తెలుసుకోవాల్సినవి నిజానికి అంత కష్టమైనవేమీ కావు. రోజుకు ఎంత మూత్రం వస్తోంది? పీహెచ్ ఎంత? ఇన్ఫెక్షన్ ఉందా, ఉంటే యూరియేజ్ ఉన్న జాతిదా? ఇంతకుముందు ఎన్నిసార్లు రాళ్లు వచ్చాయి, అవి ఏ రకం? చివరి ప్రశ్నకు దక్కాల్సినంత గౌరవం దక్కడం లేదు. 2005లో పారిస్ వైద్యులు స్టెంటు మీద పట్టిన గారను, అదే రోగి రాయిని పక్కపక్కన విశ్లేషించి, చాలామందిలో రెండూ ఒకే పదార్థమని చూపారు. అంటే రోగి శరీరం ఇంతకుముందే తన అలవాటును రాయి రూపంలో రాసి ఇచ్చింది. తీసిన రాయిని ప్రయోగశాలకు పంపి ఏ రకమో తెలుసుకుంటే, స్టెంటు మీద ఏది పేరుకోబోతోందో చాలావరకు తెలిసినట్టే. మన దగ్గర చాలాచోట్ల ఆ రాయిని చిన్న డబ్బాలో వేసి రోగి చేతికి గుర్తుగా ఇచ్చేస్తారు. అది గుర్తుగా ఇంట్లో అల్మరాలో పడి ఉండాల్సిన వస్తువు కాదు.

గర్భిణుల విషయం ప్రత్యేకం. గర్భంలో విటమిన్ డి చురుకైన రూపం పెరిగి, పేగులు కాల్షియాన్ని ఎక్కువగా పీల్చుకుంటాయి. అదనపు కాల్షియం మూత్రంలోకి వస్తుంది. అందుకే వాళ్లకు వేసిన స్టెంటును నాలుగు నుంచి ఆరు వారాలకోసారి మార్చమని చెబుతారు. మనిషిని బట్టి గడువు మార్చడం వైద్యంలో ఇప్పటికే ఉన్న పద్ధతేనని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు. మిగతావాళ్లకూ దాన్ని విస్తరించడమే మిగిలింది.

ఇన్ఫెక్షన్ దగ్గర ఒక మెలిక ఉంది. మూత్రం కల్చర్‌లో, అంటే అందులోని బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్షలో, ఏమీ పెరగలేదంటే స్టెంటు శుభ్రంగా ఉందని అర్థం కాదు. బ్యాక్టీరియా గొట్టానికి అంటుకుని జిగురు పొరలో ఉంటే మూత్రంలోకి పెద్దగా రాలకపోవచ్చు. తీసిన స్టెంటు ముక్కను కల్చర్ చేస్తే పెరిగిన బ్యాక్టీరియా, అదే రోగి మూత్రం కల్చర్‌లో కనిపించని సందర్భాలు చాలాసార్లు నమోదయ్యాయి. కాబట్టి స్టెంటు వేసే ముందు చేసిన ఒక్క కల్చర్ మీద ఆధారపడే ఏ అంచనా అయినా ఒక కాలు లేని కుర్చీ లాంటిదే.

ఈ రంగంలో ఆశ కలిగించే ఆలోచనల్లో ఒకటి స్టెంటు నుంచి కాదు, దాని దగ్గరి చుట్టమైన మూత్రపు గొట్టం నుంచి వచ్చింది. మంచం పట్టినవారికి నెలల తరబడి ఉంచే ఫోలీ కేథెటర్లు గారతో పూడుకుపోవడం పాత సమస్య. 1990ల చివర బ్రిటన్‌లో కొందరు పరిశోధకులు రెండు అంకెలను పోల్చి చూశారు. ఒకటి, మూత్రం బయటికి వచ్చినప్పుడు ఉన్న పీహెచ్. రెండోది, అదే మూత్రం పీహెచ్‌ను ప్రయోగశాలలో మెల్లగా పెంచుకుంటూ పోతే ఏ అంకె దగ్గర స్ఫటికాలు మొదలై మూత్రం మసకబారుతుందో ఆ పీహెచ్. రెండింటి మధ్య ఎడం ఎక్కువ ఉన్నవారి గొట్టాలు శుభ్రంగా ఉన్నాయి. ఎడం తగ్గిపోయినవారి గొట్టాలు మళ్లీ మళ్లీ పూడుకుపోయాయి. ఈ ఎడమే ఆ మనిషికి ఉన్న రక్షణ. దాన్ని పెంచడమూ సాధ్యమే. ఎక్కువ నీళ్లు తాగితే, సిట్రేటు ఉన్న నిమ్మరసం లాంటివి తీసుకుంటే స్ఫటికాలు మొదలయ్యే పీహెచ్ పైకి జరుగుతుందని ఆ తర్వాత కార్డిఫ్‌లో డేవిడ్ స్టిక్లర్, ఆయన సహచరులు పాల్గొన్న పరిశోధనల్లో తేలింది.

స్టిక్లర్ బృందం 2006లో ఇంకో పని చేసింది. పీహెచ్ పెరిగితే పసుపు నుంచి నీలానికి మారే బ్రోమోథైమాల్ బ్లూ అనే రంగును చిన్న సూచికలో బిగించి మూత్రం దారిలో పెట్టింది. యూరియేజ్ బ్యాక్టీరియా పని మొదలుపెట్టగానే, గొట్టం పూడుకుపోవడానికి ముందే, సూచిక నీలంగా మారింది. మూత్రాన్ని సంచిలో పట్టే కేథెటరుకు ఇది సరిపోతుంది. స్టెంటు మొత్తం శరీరం లోపలే ఉంటుంది కాబట్టి అలాంటి సూచికను తగిలించే చోటు లేదు. కానీ పీహెచ్ పట్టీలు మందుల దుకాణాల్లో దొరుకుతాయి. స్టెంటు ఉన్న మనిషి పొద్దున్నే ఒక పట్టీ ముంచి చూసుకుని, అంకె వరుసగా 7 దాటుతుంటే ఫోను చేయడం అసాధ్యమైన పని కాదు. అలాంటి సాదా పనుల మీద పడాల్సినంత దృష్టి పడటం లేదు.

ఇక్కడే ఒక హెచ్చరిక. రాళ్ల రోగులకు విరివిగా రాసే పొటాషియం సిట్రేటు సిరప్పు కాల్షియం ఆక్సలేటు, యూరిక్ ఆమ్లపు గారకు అడ్డుపడగలదు. కానీ అది మూత్రం పీహెచ్‌ను పెంచుతుంది. యూరియాను విరగ్గొట్టే బ్యాక్టీరియాతో ఇన్ఫెక్షన్ ఉన్నవారికి దాన్ని ఇవ్వకూడదని మందు సూచనల్లోనే ఉంటుంది. గార ఏ దారిన పడబోతోందో తెలియకుండా అందరికీ ఒకే మందు రాస్తే, ఒకరికి మేలు చేసింది ఇంకొకరికి కీడు చేయవచ్చు. ‘గార పడుతుందా’ అన్న ప్రశ్నకు జవాబు చాలదు, ‘ఏ గార’ అన్నది కూడా అంచనాలో ఉండాలి.

మూత్రం ప్రవాహం పాత్ర ఆలస్యంగా అర్థమైంది. మామూలుగా మూత్రనాళం అలలు అలలుగా ముడుచుకుంటూ మూత్రాన్ని కిందికి నెడుతుంది. స్టెంటు వేశాక ఆ కదలిక చాలా తగ్గిపోతుంది. మూత్రం కొంత గొట్టం లోపల, కొంత దాని చుట్టూ నెమ్మదిగా జారుతుంది. సౌతాంప్టన్ పరిశోధకులు స్టెంటు భాగాన్ని చిన్న పారదర్శకమైన పలక మీద నమూనాగా చేసి, అందులో ద్రవాన్ని పారించి, రవ్వలు ఎక్కడ ఆగుతున్నాయో చూశారు. వరదకాలువ మలుపులో మేట వేసినట్టే, ప్రవాహం మందగించే పక్క రంధ్రాల అంచుల్లోనే రవ్వలు పేరుకున్నాయి. గొట్టం గోడను పలుచగా చేసి, రంధ్రాన్ని ప్రవాహానికి అనువైన కోణాకారంలో మలిస్తే మేట తగ్గింది. స్టెంటు వస్తువు కూడా తేడా తెస్తుంది. 1996లో బెల్‌ఫాస్ట్‌లో కృత్రిమ మూత్రంలో పోల్చి చూసినప్పుడు సిలికాన్ మీద గార మిగతావాటి కంటే నెమ్మదిగా పట్టింది. కానీ మెత్తగా, జారకుండా ఉండే సిలికాన్‌ను ఇరుకు మూత్రనాళంలోకి ఎక్కించడం కాస్త కష్టం.

ఇన్ని సంగతులు తెలిసినప్పుడు వాటన్నిటినీ కంప్యూటర్‌కు ఇచ్చి, ప్రతి రోగికీ ఒక అంకె తెప్పించుకోవచ్చు కదా అనిపిస్తుంది. ఆ ప్రయత్నాలు జరుగుతున్నాయి. అయితే వాటి ఫలితాలు చదివేటప్పుడు కొన్ని చిక్కులను గుర్తు పెట్టుకోవాలి. అన్నిటికంటే పెద్దది, గార కనిపించేది స్టెంటు తీసిన రోజునే. ఎనిమిదో వారంలో తీసిన స్టెంటుకు గార ఉంటే, అది రెండో వారంలో పట్టిందో ఏడో వారంలో పట్టిందో ఎవరికీ తెలియదు. రెండోది, ఎక్కువ అనుమానం ఉన్నవారిని డాక్టరు ముందే పిలిచి తీసేస్తారు, కాబట్టి సమాచారంలో వాళ్లు తక్కువ ప్రమాదం ఉన్నవారిలా కనిపించవచ్చు. మూడోది, చాలా లెక్కల్లో స్టెంటు ఎన్ని రోజులు ఉందన్న అంకెను కూడా చేరుస్తారు. ఆ అంకె వేసిన రోజున తెలిసేది కాదు, తీసిన రోజున తెలిసేది. దాన్ని చేర్చి ‘బాగా ఊహించింది’ అని చెప్పుకోవడం, పరీక్ష అయ్యాక ప్రశ్నపత్రం చూసి జవాబు చెప్పినట్టే. స్టెంటు వేసిన రోజున చేతిలో ఉన్న సమాచారంతో మాత్రమే అంచనా వేసి, అది ఎంతవరకు నిలిచిందో చెప్పిన అధ్యయనమే రోగికి పనికొచ్చేది.

నాలుగో చిక్కు, దేన్ని గార అంటున్నామన్నది. సూక్ష్మదర్శినిలో మాత్రమే కనిపించే ఒకటి రెండు స్ఫటికాలనూ లెక్కిస్తే సగం స్టెంట్లకు గార ఉన్నట్టే. వాటిలో చాలావరకు ఏ ఇబ్బందీ లేకుండా బయటికి వచ్చేస్తాయి. రోగికి కావాల్సిన సమాధానం వేరే: తీసేటప్పుడు ఇబ్బంది పెట్టేంత గార పడుతుందా? అది చాలా తక్కువమందికి. ఊహకు ఒక లెక్క వేసి చూద్దాం. 1000 మందిలో 20 మందికి అలాంటి గార పడుతుందనుకుందాం. ప్రమాదం ఉన్నవారిలో 80 శాతాన్ని పట్టుకునే, లేనివారిలో 80 శాతాన్ని సరిగ్గా వదిలేసే పద్ధతి మన చేతిలో ఉందనుకుందాం. అది 20 మందిలో 16 మందిని పట్టుకుంటుంది. కానీ మిగతా 980 మందిలో 196 మందిని కూడా అనవసరంగా హెచ్చరిస్తుంది. హెచ్చరిక అందుకున్న 212 మందిలో నిజంగా ప్రమాదం ఉన్నది నూటికి ఎనిమిది మందికి కూడా కాదు.

ఇది చూసి ఇలాంటి పద్ధతి పనికిరాదని కొట్టిపారేయడం తొందరపాటు. ఆ 196 మందికి జరిగే నష్టం ఏమిటి? రెండు వారాలు ముందు రమ్మని ఫోను. రాయి పూర్తిగా పోయి, వాపు తగ్గి ఉంటే చాలామందికి స్టెంటు ముందే తీయవచ్చు. తప్పిపోయిన నలుగురికి జరిగే నష్టం రెండు మూడు ఆపరేషన్లు. ఒక తప్పు ఖరీదు బస్సు చార్జీ, రెండో తప్పు ఖరీదు మూత్రపిండం. కాబట్టి అనవసర హెచ్చరికలు ఎక్కువున్నా, అసలు ప్రమాదాన్ని తప్పిపోనివ్వని పద్ధతే ఇక్కడ మేలు. దీనికి మరో వైపు ఉంది, దాన్ని గట్టిగా చెప్పాలి: ‘మీకు ప్రమాదం తక్కువ’ అని అంచనా వచ్చిందని స్టెంటును మామూలు గడువు దాటి ఉంచడానికి ఏ పద్ధతినీ వాడకూడదు. గడువు ముందుకు జరపడానికే అంచనా, వెనక్కి జరపడానికి కాదు.

గార పట్టిన తర్వాత దాని తీవ్రతను కొలిచే పద్ధతులు మాత్రం బాగానే ఉన్నాయి. 2016లో అమెరికా వైద్యులు ప్రకటించిన ఒక పద్ధతిలో మూత్రపిండం, మూత్రనాళం, మూత్రాశయం మూడు చోట్లా గారకు ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేస్తారు. మూత్రపిండం వైపు మార్కులు మూడు, ఆపైన ఉంటే ఒక్క ఆపరేషన్‌తో పని తీరకపోవచ్చని వాళ్లు గమనించారు. ఆపరేషన్ ఎలా చేయాలో నిర్ణయించుకోవడానికి ఇది విలువైనదే, కానీ అప్పటికి జరగాల్సింది జరిగిపోయింది. ఎక్స్‌రే మీద పూర్తిగా ఆధారపడటమూ కుదరదు. ఫిల్మ్ మీద కనిపించడానికి స్టెంటులోనే బేరియం లాంటి పదార్థం కలుపుతారు. ఆ తెల్లని గీత మీద పలుచని గార విడిగా కనిపించదు. యూరిక్ ఆమ్లపు గార అయితే ఎక్స్‌రేకు దాదాపు దొరకదు. అనుమానం ఉంటే సీటీ తీయాల్సిందే.

రసాయనం, బ్యాక్టీరియా, ప్రవాహం, వీటన్నిటినీ ఎంత సూక్ష్మంగా కొలిచినా, అత్యంత ప్రమాదకరమైన గార పట్టేది ఎవరికంటే, తిరిగి రానివారికి. 1995లో వెలువడిన ఒక అధ్యయనంలో ఆరు నెలలు దాటి లోపలే మిగిలిపోయిన 31 స్టెంట్లను పరిశీలిస్తే, 68 శాతం సున్నపు రాయిలా గట్టిపడి ఉన్నాయి, 45 శాతం ముక్కలై ఉన్నాయి. అంటే గార పడే వేగం ఒక్కటే అంచనా వేస్తే చాలదు. ఆ మనిషి సమయానికి వస్తాడా లేదా అన్నదాన్ని కూడా అంచనా వేయాలి. వైద్య పత్రికలు మొదటిదానికి ఇచ్చినంత చోటు రెండోదానికి ఇవ్వలేదు.

ఎందుకు రారన్నది తెలుగు నేల మీద ఊహించడం కష్టం కాదు. స్టెంటు వేసిన కొత్తలో మాటిమాటికీ మూత్రం, మంట, మూత్రం పోసేటప్పుడు నడుము పక్కన పోటు, ఒక్కోసారి ఎర్రగా రావడం ఉంటాయి. రోజులు గడిచేకొద్దీ చాలామందికి అది అలవాటైపోతుంది. నొప్పి తగ్గింది కాబట్టి బాగైపోయిందనుకుంటారు. లోపల గార పడుతున్నా చాలాకాలం ఏ సూచనా ఉండకపోవచ్చు. సెలవు మీద వచ్చి, జగిత్యాలలోనో నిజామాబాదులోనో రాయి తీయించుకుని, స్టెంటుతోనే దుబాయి విమానం ఎక్కే మనిషి ఉంటాడు. పాలమూరు నుంచి పనుల కోసం వలస వెళ్లే కుటుంబం ఉంటుంది. ఎండాకాలంలో భవన నిర్మాణం పనిలో నీళ్లు తక్కువ తాగి, చెమట ఎక్కువ పోసి, మూత్రం చిక్కబడే మనిషి కూడా వాళ్లలోనే ఉంటాడు. గార వేగంగా పడే మూత్రం, ఆలస్యంగా తిరిగొచ్చే మనిషి, రెండూ ఒకేచోట కలుస్తాయి. ఇక డిశ్చార్జి సమ్మరీ ఇంగ్లిషులో ఉంటుంది. ‘డీజే స్టెంటు వేశాం, ఫలానా రోజు తీయించుకోవాలి’ అన్న అతి ముఖ్యమైన వాక్యం మందుల జాబితా కింద, చిన్న అక్షరాల్లో ఉంటుంది. లోపల గొట్టం ఉందనే తెలియకుండా ఇంటికి వెళ్లినవారు ఉన్నారంటే ఆశ్చర్యం లేదు.

దీనికి మందు ఎక్కడో ఉన్నది కాదు. 2000లో కరాచీలోని ఆగాఖాన్ విశ్వవిద్యాలయ వైద్యులు, వేసిన ప్రతి స్టెంటునూ కంప్యూటర్‌లో నమోదు చేసి, గడువు దాటగానే గుర్తుచేసే పద్ధతి పెట్టారు. గడువు దాటిన స్టెంట్లు 12.5 శాతం నుంచి 1.2 శాతానికి తగ్గాయి. ఏ కొత్త పూతా, ఏ కొత్త ప్లాస్టిక్కూ ఇంత పెద్ద మార్పు తెచ్చినట్టు కనిపించదు. మన నేలకు, మన పరిస్థితులకు దగ్గరగా ఉన్న నగరం నుంచి పాతికేళ్ల కిందట వచ్చిన ఈ ఫలితాన్ని ఇక్కడి ప్రతి యూరాలజీ విభాగం గోడ మీద రాసిపెట్టుకోవాలి.

ఈ రెండు అంచనాలను కలిపితే స్టెంటు వేసిన రోజున చేయాల్సిన పని చాలా సాదాగా తేలుతుంది. కేసు షీటులో ఇప్పటికే ఉన్న అంశాలే చాలు: ఇంతకుముందు రాళ్లు, రాయి రకం, ఇన్ఫెక్షన్, మూత్రం పీహెచ్, గర్భం, మూత్రపిండాల పనితీరు. వాటి పక్కన ఇంకో రెండు ప్రశ్నలు చేరాలి: వచ్చే రెండు నెలలు ఎక్కడ ఉంటారు, ఇంట్లో ఎవరి ఫోను నంబరుకు చేస్తే తప్పకుండా ఎత్తుతారు? రెండు వైపులా ప్రమాదం ఉన్న మనిషికి ఆరు వారాలు అని రాయకూడదు. వైద్యపరంగా కుదిరితే, ఊరు దాటకముందే తీసేలా తేదీ ఇవ్వాలి. కొసకు దారం కట్టిన స్టెంటు వేస్తే సిస్టోస్కోపు లేకుండానే కొద్ది రోజుల్లో తీసేయవచ్చు. అందరికీ నప్పదు గానీ, నప్పేవారికి అది మంచి దారి. స్టెంటు ప్యాకెట్ మీద సైజు, బ్యాచ్ నంబరు ముద్రించిన స్టిక్కరు ఉంటుంది. అది కేసు షీటుకు అతికిస్తారు. దాని రెండో ప్రతిని తీయాల్సిన తేదీతో, తెలుగులో, రోగి చేతి కాగితం మీద అన్నిటికంటే పైన అతికించడానికి ఒక్క నిమిషం పట్టదు.

ఇంకో పని మిగిలింది. తీసిన ప్రతి స్టెంటూ ఒక సాక్ష్యం. ఏ రోగి మూత్రంలో, ఎన్ని రోజుల్లో, ఎక్కడ, ఎంత గార పట్టిందో దాని మీదే రాసి ఉంది. బెర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2022లో తీసిన స్టెంట్లను సూక్ష్మ సీటీ యంత్రంలో పెట్టి, న్యూరల్ నెట్‌వర్క్ అనే కంప్యూటర్ పద్ధతితో గొట్టాన్నీ గారనూ వేరుచేసి, గార పరిమాణాన్ని కచ్చితంగా కొలవడం సాధ్యమేనని చూపారు. అంత యంత్రం మన దగ్గర అందరికీ అందకపోవచ్చు. స్కేలు పక్కన పెట్టి ఒక ఫొటో తీసి, పైచుట్ట, నడిమి భాగం, కిందిచుట్టలకు విడివిడిగా ఒక మార్కు వేసి, వేసిన తేదీ, తీసిన తేదీ, రాయి రకంతో కలిపి నమోదు చేయడానికి యంత్రాలేవీ అక్కర్లేదు. ఇప్పుడు జరుగుతున్నది వేరు. పట్టకారు చివర వేలాడుతూ బయటికి వచ్చిన స్టెంటును డాక్టరు ఒక్కసారి చూసి, పూర్తిగా వచ్చిందని నిర్ధారించుకుని, ప్లాస్టిక్ వ్యర్థాలు వేసే ఎర్ర సంచిలో పడేస్తారు. ఆ రవ్వలు, సగం పూడిన ఆ రంధ్రాలు, గరుకుబారిన ఆ చుట్ట సాయంత్రానికి మిగతా గొట్టాలతో కలిసి లారీ ఎక్కుతాయి.